లేడీ బి గుడ్: స్థావరం దాటి 650 కి.మీ. ఎడారిలోకి ఎలా వెళ్లిపోయింది?

దక్షిణగాలి (ప్రశ్న)

1943 ఏప్రిల్ 4న లిబియాలోని సులూక్ నుంచి నేపుల్స్ రేవు మీద బాంబుదాడికి వెళ్లి, తిరిగి రాని అమెరికన్ బాంబర్ విమానం, బీ-24డీ లిబరేటర్ ‘లేడీ బి గుడ్’ గురించి అడుగుతున్నాను. సీరియల్ 41-24301, ముక్కు మీద 64 నంబరు. 376వ బాంబ్ గ్రూపు, 514వ స్క్వాడ్రన్. పైలట్ విలియం హాటన్, కోపైలట్ రాబర్ట్ టోనర్, నావిగేటర్ డి.పి. హేస్, బాంబార్డియర్ జాన్ వొరావ్కా, ఫ్లైట్ ఇంజనీర్ హెరాల్డ్ రిప్‌స్లింగర్, రేడియో ఆపరేటర్ రాబర్ట్ లామాట్, గన్నర్లు గై షెల్లీ, వెర్నన్ మూర్, శామ్యూల్ ఆడమ్స్. ఈ తొమ్మిది మందీ కలిసి యుద్ధానికి వెళ్లడం అదే మొదటిసారి.

నాకు తెలిసిన వరుస ఇది. ఆ రోజు 25 విమానాలు బయల్దేరాలి. ఇసుక తుఫానులో చాలావాటికి ఇబ్బంది వచ్చి వెనక్కి తిరిగాయి. ఇది చివర్లో, మధ్యాహ్నం 2:15 ప్రాంతంలో లేచింది. రాత్రి 7:50కి నేపుల్స్ దగ్గరికి చేరితే కింద ఏమీ కనబడలేదు. ఒంటరిగా వెనక్కి తిరిగింది. అర్ధరాత్రి దాటాక 12:12కి హాటన్ రేడియోలో, దిక్కు చూపే పరికరం పని చేయడం లేదు, స్థావరం ఎటు ఉందో చెప్పమని అడిగాడు. కింద నుంచి ఫ్లేర్లు (వెలుగు చిమ్మే సంకేతాలు) కాల్చారు, వీళ్లకు కనబడలేదు. తెల్లవారుజామున సుమారు 2 గంటలకు అందరూ పారాచూట్లతో దూకారు. 1958లో చమురు అన్వేషణ బృందం ఆకాశం నుంచి శిథిలాన్ని చూసేదాకా ఆ విమానం సముద్రంలో పడిందనే అనుకున్నారు.

రేడియోలో దిశ అడిగి, జవాబు అందుకున్న విమానం ఇంకో రెండు గంటలు తప్పుగా ఎలా ఎగిరింది? మనుషులు లేని విమానం దాదాపు చెక్కుచెదరకుండా ఎలా దిగింది? అందులో నీళ్లూ, తిండీ, పనిచేసే రేడియో ఉండగా వీళ్లు దానివైపు ఎందుకు నడవలేదు? అసలు కాగితాలు ఎక్కడ చూడాలి? యంత్రం, లెక్క, నేల, వీటి మీద పట్టున్నవాళ్లు వివరంగా చెప్పండి. శాపం కథలు వద్దు.

నల్‌పాయింట్

రేడియో సంగతి నేను చెప్తాను. మొత్తం కేసు తిరిగేది ఇక్కడే.

విమానంలోని పరికరం చెడిపోయాక దిశ చెప్పాల్సింది నేల మీది స్టేషన్. అది బెనీనాలో ఉంది, సులూక్‌కి ఉత్తరాన సుమారు 50 కి.మీ. విమానం కాసేపు సిగ్నల్ పంపుతూ ఉంటే, కింద ఆపరేటర్ లూప్ యాంటెన్నాను (తీగను చుట్టలా చుట్టిన యాంటెన్నా) తిప్పుతూ శబ్దం పూర్తిగా తగ్గే చోటు వెతుకుతాడు. దాన్నే నల్ అంటాం. శబ్దం గరిష్ఠంగా ఉన్నచోట యాంటెన్నాను పది డిగ్రీలు అటూ ఇటూ తిప్పినా తేడా తెలియదు. నల్ దగ్గర రెండు మూడు డిగ్రీలు తిప్పినా తెలిసిపోతుంది. అందుకే బేరింగ్ (ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచే దిశ) ఎప్పుడూ నల్ మీదే చదువుతారు.

చిక్కేమిటంటే, లూప్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పితే నల్ రెండుసార్లు వస్తుంది, సరిగ్గా 180 డిగ్రీల తేడాతో. 330 దగ్గర శబ్దం పోతే 150 దగ్గర కూడా అంతే పోతుంది. విమానం వాయవ్యంలో ఉందా, ఆగ్నేయంలో ఉందా అన్నది లూప్ ఒక్కదానితో తేలదు. అది తేల్చడానికి పక్కన నిలువు తీగ ఒకటి ఉండాలి, సెన్స్ యాంటెన్నా. దాని సిగ్నల్‌ను లూప్ సిగ్నల్‌తో కలిపితే రెండు నల్‌లలో ఒకటి మాయమవుతుంది. పద్ధతి ప్రకారం ముందు లూప్‌తో నల్ పట్టాలి, తర్వాత లూప్‌ను 90 డిగ్రీలు తిప్పి సెన్స్ స్విచ్ వేయాలి, ఎటువైపు శబ్దం పెరిగిందో చూసి పక్క తేల్చాలి, మళ్లీ సెన్స్ తీసేసి అంకె చదవాలి. సెన్స్ వేసి ఉంచితే నల్ మొద్దుబారిపోతుంది కాబట్టి అంకె దానిమీద చదవరు.

బెనీనా ఇచ్చిన బేరింగ్ సుమారు 330. అంటే ‘మీరు మాకు వాయవ్యంలో, సముద్రం మీద ఉన్నారు, అలాగే వచ్చేయండి’ అని అర్థం. నేపుల్స్ నుంచి రావాల్సిన విమానం కాబట్టి కింద ఉన్నవాళ్లకూ పైన ఉన్నవాళ్లకూ ఆ జవాబు సహజంగానే తోచింది. నిజానికి విమానం అప్పటికే స్థావరం దాటి ఆగ్నేయంలో, 150 వైపు ఉంది. ఒకే లూప్ ఉన్న స్టేషన్ ముందూ వెనకా తేల్చలేకపోయింది, లేదా ఆ రాత్రి ఎవరూ తేల్చలేదు. ఈ కేసును తవ్వినవాళ్లు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. పైగా సూర్యుడు అస్తమించాక వాతావరణం పైపొరల నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి నల్ మసకబారుతుంది. రాత్రి బేరింగ్ మీద నమ్మకం ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే.

సెన్స్ లేకపోయినా దారి ఉంది. విమానాన్ని వచ్చే దారికి అడ్డంగా తిప్పి కొన్ని నిమిషాలు ఎగరమని, మళ్లీ బేరింగ్ తీయాలి. ఈ కేసుకే వేసి చూడండి. విమానం 150 హెడింగ్‌లో (ముక్కు చూపే దిశలో) వస్తోంది. ఎడమకు తిప్పి 060 మీద 20 మైళ్లు ఎగిరిందనుకుందాం, గంటకు 180 మైళ్ల వేగంతో ఏడు నిమిషాల పని. స్టేషన్‌కి వాయవ్యంలో 100 మైళ్ల దూరంలో ఉంటే అంకె 330 నుంచి 341కి పెరుగుతుంది. ఆగ్నేయంలో అంతే దూరంలో ఉంటే అదే స్కేలు మీద 319కి తగ్గుతుంది. పెరిగిందా తగ్గిందా, అంతే చూడాల్సింది. నేరుగా అదే హెడింగ్‌లో సాగిపోతే మాత్రం ఎన్నిసార్లు అడిగినా అదే 330 వస్తుంది, దగ్గరవుతున్నా దూరమవుతున్నా. ఒకే గీత మీద ఎగిరే విమానానికి ఒకే స్టేషన్ ఇచ్చే బేరింగ్‌లో ఉన్న ప్రమాదం ఇదే. వేరే చోట రెండో స్టేషన్ ఒక్కటి విన్నా రెండు గీతలు ఖండించుకుని చోటు తేలిపోయేది.

గీతలు_గంటలు

నల్‌పాయింట్ గారు చెప్పినదానికి గడియారం లెక్క కలుపుతాను. నా దృష్టిలో రేడియో కన్నా ఇదే గట్టి సాక్ష్యం.

మ్యాపు తీసి నేపుల్స్ నుంచి సులూక్‌కి గీత గీయండి. దూరం సుమారు 1,150 కి.మీ., దిశ సుమారు 152 డిగ్రీలు. ఇప్పుడు నేపుల్స్ నుంచి శిథిలం దొరికిన చోటికి గీయండి. అది 26 డిగ్రీల 43 నిమిషాల ఉత్తరం, 24 డిగ్రీల 1 నిమిషం తూర్పు దగ్గర. దిశ సుమారు 150. రెండు గీతలూ దాదాపు ఒకటే, రెండోది సులూక్‌కి కొంచెం తూర్పుగా పోతుంది. అంటే హేస్ దిక్కు తప్పలేదు. మొదటి యుద్ధ ప్రయాణంలో, చీకట్లో, ఒంటరిగా వస్తూ అతను పట్టిన హెడింగ్ దాదాపు సరైనదే. ‘నావిగేటర్ దారి తప్పాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసే వ్యాసాలు చూస్తే బాధేస్తుంది. తప్పింది గీత పొడవునా ఎక్కడున్నామన్నది, గీత కాదు.

ఇక సమయం. నేపుల్స్ దగ్గర 7:50, దూకింది సుమారు 2:00. మొత్తం 6 గంటల 10 నిమిషాలు. దూకిన చోటు శిథిలానికి సుమారు 26 కి.మీ. ఇవతల కాబట్టి ఎగిరిన దూరం 1,780 కి.మీ. చుట్టూ. భాగిస్తే గంటకు 290 కి.మీ. లిబరేటర్ మామూలు క్రూయిజ్ (నిలకడగా సాగే) వేగం ఇదే. ఆ లెక్కన స్థావరం మీదుగా దాటింది రాత్రి 11:50 ప్రాంతంలో. హాటన్ దిశ అడిగింది 12:12కి. అప్పటికి 100 కి.మీ. దాటిపోయారు. నేపుల్స్ దగ్గర ఎంతసేపు తిరిగారన్నదాన్ని బట్టి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ అవ్వొచ్చు, కానీ 12:12కి వాయవ్యంలో దూరంగా ఉండటం ఈ అంకెలతో కుదరదు.

‘బలమైన వెనకగాలి తోసుకుపోయింది’ అని చాలాచోట్ల రాస్తారు. గాలి ఉండి ఉండవచ్చు. కానీ పై లెక్క చూస్తే ఇంత దూరం రావడానికి అసాధారణమైన గాలి అవసరం లేదు. మామూలు వేగం చాలు.

ఇలాంటి పరిస్థితికి డెడ్ రెకనింగ్‌లో (దిశ, వేగం, సమయాన్ని బట్టి చోటు లెక్కగట్టే పద్ధతిలో) సూత్రం ఒకటే: చేరాల్సిన సమయాన్ని ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ సమయం దాటాక కింద ఏమీ కనబడకపోతే అదే హెడింగ్‌లో సాగకూడదు. అక్కడి నుంచి కొలిచిన సమయం పాటు వెతుకులాట మొదలెట్టాలి, చతురస్రం పెంచుకుంటూ పోవడం ఒక పద్ధతి. ఇక్కడ ఆ నిర్ణయం తీసుకోవాల్సిన నిమిషంలోనే రేడియో నుంచి ‘ఇంకా రాలేదు, ముందుకు రండి’ అన్న అర్థం వచ్చే అంకె అందింది. గడియారం ఒకటి చెప్తుంటే రేడియో ఇంకొకటి చెప్పింది. వాళ్లు రేడియోను నమ్మారు. ఎదురుగాలి వల్ల ఆలస్యమైందని సర్దిచెప్పుకోవడం అప్పుడు చాలా సులువు.

దక్షిణగాలి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. తీరం దాటినప్పుడైనా తెలియదా? సముద్రానికీ ఎడారికీ తేడా కనబడదా? ఇంధనం సంగతి కూడా చెప్పండి. 2 గంటల దాకా ఎగరగలగడం వింతగా ఉంది.

నాలుగు_ఇంజన్లు

యుద్ధకాలం కాబట్టి తీరంలో దీపాలు లేవు. మేఘమో ధూళో మధ్యలో ఉంటే తీరరేఖ కనబడదు. దాటాక కింద ఉన్నది కలాన్షియో ఇసుక సముద్రం, దీపం లేదు, రోడ్డు లేదు. పైనుంచి చీకట్లో అదీ ఒక నల్లటి చదునే. వాళ్లు లైఫ్ వెస్టులు తొడుక్కునే దూకారు, అవి తర్వాత ఎడారిలో దొరికాయి. కింద నీళ్లు ఉండొచ్చని చివరి నిమిషం దాకా అనుకున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది.

నీళ్లనుకుంటే సముద్రంలో దింపకుండా ఎందుకు దూకారని అడగొచ్చు. లిబరేటర్‌ని నీళ్ల మీద దింపడం చావుతో సమానం. రెక్క పైన ఉంటుంది కాబట్టి ముందు నీటిని తాకేది పొట్ట. బాంబు బే (పొట్టలో బాంబులుండే అర) తలుపులు చుట్టుకుపోయే రకం పల్చటి రేకులు, తాకగానే లోపలికి నొక్కుకుపోతాయి, నీళ్లు దూసుకొచ్చి విమానం అక్కడే విరుగుతుంది. ఆ తలుపులు తెరిచి, బే మధ్యలో ఉన్న తొమ్మిది అంగుళాల నడకబద్ద మీద నిలబడి దూకడమే మేలు.

ఇంధనం లెక్క: ప్రధాన ట్యాంకుల్లో పట్టేది సుమారు 2,350 అమెరికన్ గ్యాలన్లు. క్రూయిజ్‌లో నాలుగు ఇంజన్లూ కలిపి గంటకు 200 గ్యాలన్ల చుట్టూ తాగుతాయి. 2:15కి లేచి 2:00కి దూకితే 11 గంటల 45 నిమిషాలు. గుణించి చూడండి, ట్యాంకులు ఎండిపోయే సమయం అదే. లిబరేటర్ దూరప్రయాణానికే పుట్టిన విమానం. నేపుల్స్ వెళ్లి రావడానికి కావలసినదానికన్నా రెండు గంటల ఇంధనం ఎక్కువ ఉంది. వాళ్లను కాపాడాల్సిన ఆ నిల్వే వాళ్లను ఎడారి నడిబొడ్డుకు చేర్చింది.

విమానం ఎలా దిగిందంటే, ముందు దూకే తీరు చూడండి. ఇంజన్లు ఒక్కొక్కటే ఇంధనం లేక తడబడుతుంటే ఫెదర్ చేస్తారు, అంటే ప్రొపెల్లర్ రేకుల అంచును గాలికి ఎదురుగా తిప్పి, గాలి లాగకుండా చేస్తారు. మనుషులు దూకేలోపు విమానం వంకరపోకుండా సమంగా ఎగిరేలా ట్రిమ్ చేసి, ఆటోపైలట్‌కి అప్పగిస్తారు. తొమ్మిది మంది దిగిపోయాక ఏడెనిమిది వందల కిలోల బరువు తగ్గింది, ట్యాంకులు ఖాళీ, బాంబులు లేవు. ఖాళీ లిబరేటర్‌కి ఆ సన్నటి పొడవాటి రెక్క మీద చాలా దూరం జారే శక్తి ఉంటుంది. ఒక ఇంజను ఇంకా తిరుగుతూనే ఉండగా అది నేలను తాకింది. కింద గట్టి గులకరాతి మైదానం, దిబ్బ లేదు, గుంట లేదు. చాలా తక్కువ కోణంలో పొట్ట మీద జారి, రెక్కకు వెనక ఒళ్లు విరిగి ఆగింది. అంటుకోవడానికి ఇంధనం మిగలలేదు కాబట్టి మంట లేదు. 1959లో మనుషులు చేరేసరికి మెషిన్‌గన్లు కాల్చి చూస్తే పేలుతున్నాయి, రేడియో పనిచేస్తోంది, కొంత తిండీ నీళ్లూ ఉన్నాయి. పారాచూట్లు మాత్రం ఒక్కటీ లేదు. సిబ్బంది విమానంలో చనిపోలేదని వెంటనే అర్థమైంది అందుకే.

సెరీర్

నడక గురించి. చాలామంది ‘విమానం దగ్గరికి వెళ్లి ఉంటే బతికేవాళ్లు’ అని వాక్యం ముగించేస్తారు. ఆ మాటకు ఉన్న బరువు తూచి చూద్దాం.

ముందు జరిగింది. నేల మీద దిగాక ఫ్లేర్లూ పిస్తోలు కాల్పులతో చీకట్లోనే ఒకర్నొకరు వెతుక్కున్నారు. ఎనిమిది మంది కలిశారు, వొరావ్కా రాలేదు. అతని పారాచూట్ సరిగ్గా విచ్చుకోలేదు, 1960 ఆగస్టులో శరీరం దొరికినప్పుడు తెలిసింది. మిగతావాళ్లు వాయవ్యంగా, తీరం వైపనుకుని నడిచారు. దగ్గరున్న నీళ్లు సగం క్యాంటీన్. అమెరికన్ సైనిక క్యాంటీన్ ఒక క్వార్ట్ పడుతుంది, అంటే వీళ్లకు మిగిలింది అరలీటరు. ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కరికి 60 మి.లీ., ఎనిమిది రోజులకూ అంతే. రోజుకు క్యాంటీన్ మూతెడు చొప్పున పంచుకున్నారు. ఆ వివరం టోనర్ జేబు డైరీలో ఉంది.

పద్ధతి విషయంలో వాళ్లు చాలావరకు సరిగ్గా చేశారు. ఎండలో ఆగారు, రాత్రి నడిచారు, పావుగంట నడక, ఐదు నిమిషాలు విశ్రాంతి. వెనక వచ్చేవాళ్ల కోసం బూట్లను బాణం గుర్తులా పేర్చారు, పారాచూట్ గుడ్డ పేలికలు పరిచి ఎగిరిపోకుండా మీద రాళ్లు పెట్టారు. పదహారేళ్ల తర్వాత కూడా ఆ గుర్తులు అక్కడే ఉన్నాయి, వెతికిన బృందం వాటినే పట్టుకుని ముందుకెళ్లింది. ఆకలితో, దప్పికతో నడుస్తున్న మనుషులు ఆగి, వంగి, రాళ్లు ఏరి గుర్తు పెట్టారు. తమకోసం ఎవరో వస్తున్నారన్న నమ్మకం ఆ రాళ్లలో ఉంది.

ఎడారిలో నీడన కదలకుండా ఉన్నా మనిషి ఒంటికి రోజుకు కొన్ని లీటర్లు కావాలి. ఒంటి బరువులో పదోవంతు నీరు పోయేసరికి నడవడం కష్టం. గట్టి మైదానం మీద బాగానే సాగారు, తర్వాత ఇసుక దిబ్బలు వచ్చాయి. దిబ్బ ఎక్కడానికి పట్టే శక్తి చదునుమీద నడకకు రెండింతలకు పైనే, ఎక్కిన ప్రతి అడుగూ కొంత వెనక్కి జారుతుంది. ఏప్రిల్ 9న షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ సాయం తెస్తామని ముందుకు వెళ్లారు. మిగతా ఐదుగురూ కదల్లేక ఆగిపోయారు. డైరీలో చివరి తేదీ ఏప్రిల్ 12, సాయం రాలేదని, రాత్రి బాగా చలిగా ఉందని.

ఐదుగురి శరీరాలు 1960 ఫిబ్రవరి 11న దొరికాయి, దిగిన చోటికి సుమారు 130 కి.మీ. దూరంలో. మేలో షెల్లీ, రిప్‌స్లింగర్ దొరికారు, ఇంకా ముప్పై నలభై కి.మీ. ముందు. అరలీటరు నీళ్లతో అంతదూరం నడవగలరని వెతికినవాళ్లు ఊహించలేదు. మొదటి విడత గాలింపు తప్పిపోవడానికి అదీ ఒక కారణం: మనిషి ఇంతకుమించి వెళ్లలేడని గీసుకున్న వలయం చిన్నదైంది.

నా తీర్పు ఏమిటంటే, తీరం దగ్గరే ఉందన్న నమ్మకం తప్పు కాబట్టి దిశ తప్పయింది. ఉత్తరాన సముద్రం 550 కి.మీ. పైనే. దక్షిణాన విమానం 26 కి.మీ. రెండు రాత్రుల నడక. అక్కడ నీళ్లు, తిండి, నీడ, రేడియో ఉన్నాయి.

గీతలు_గంటలు

సెరీర్ గారూ, చివరి పేరాతో ఏకీభవించలేను. విమానం 26 కి.మీ. దూరంలో ఉందని మనకు తెలుసు, వాళ్లకు తెలిసే మార్గం లేదు.

చదునైన నేల మీద నిలబడ్డ మనిషికి క్షితిజం ఐదు కి.మీ. లోపే. పొట్ట మీద పడుకున్న విమానం తోక నాలుగు మీటర్ల ఎత్తు ఉందనుకున్నా, అది కనబడాలంటే 12 కి.మీ. లోపు ఉండాలి. మంట రాలేదు కాబట్టి రాత్రి వెలుగు లేదు, పగలు పొగ లేదు. ఒక ఇంజను నడుస్తున్న విమానం ఐదు కి.మీ. పోతుందో వంద పోతుందో దూకినవాళ్లు చెప్పలేరు. వంకరతిరిగి వెనక్కి వచ్చి ఉండొచ్చు కూడా. పైగా అది కూలి ముక్కలైందనే ఎవరైనా అనుకుంటారు.

‘విమానాన్ని వదలొద్దు’ అన్న నియమం విమానంతో పాటు దిగినవాళ్లకు వర్తిస్తుంది. దూకినవాళ్లకు వర్తించే నియమం ఇంకోటి: ఎక్కడున్నామో తేలేదాకా ఎటూ పోకు. దాన్ని పాటించినా ఇక్కడ ఫలితం ఉండేది కాదు, ఎందుకంటే వెతికినవాళ్లు మధ్యధరా సముద్రం మీద వెతుకుతున్నారు. బేరింగ్ 330 అని నమ్మిన స్టేషన్ వాళ్లను అటే పంపింది. సిబ్బందిని దక్షిణానికి పంపిన అంకే గాలింపును ఉత్తరానికి పంపింది.

సెరీర్

క్షితిజం లెక్క ఒప్పుకుంటున్నాను, 26 కి.మీ. దూరం నుంచి అది కనబడే అవకాశం లేదు. కానీ హాటన్‌కి చివరి హెడింగ్ తెలుసు. తీరం దూరం తెలియని చోట, నీళ్లున్న వస్తువు ఏ గీత మీద ఉందో తెలిసినప్పుడు, ఆ గీత మీద ఒక రాత్రి నడిచి చూడటం సమంజసమే అంటాను. తీరం ఒక రోజు దూరమే అని నమ్మినవాళ్లకు ఆ ఆలోచన రాదు, అది నిజం.

పాత_ఫైళ్లు

కాగితాల విషయం.

అమెరికన్ సైనిక వైమానిక దళం తప్పిపోయిన విమానాలకు రాసే ‘మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టు’ పద్ధతి 1943 మేలో మొదలైంది. ఈ విమానం ఏప్రిల్‌లో పోయింది. కాబట్టి ఆ కాలానికి రిపోర్టు ఉన్నా వెనకటి తేదీతో తర్వాత రాసినదే అవుతుంది. అందులో సాక్షుల మాటలు తక్కువ ఉంటాయని ముందే లెక్కేసుకోండి. మే తర్వాతి నష్టాలకైతే అదే మొదటి కాగితం: చివరిసారి కనబడిన చోటు, వాతావరణం, ఇంజన్ల సీరియల్ నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు, సిబ్బంది జాబితా అన్నీ ఉంటాయి. ఎక్కడైనా శిథిలం దొరికితే గుర్తుపట్టేది ఇంజను, గన్ నంబర్లతోనే. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

రెండోది, చనిపోయిన ప్రతి సైనికుడికీ విడిగా ఉండే మృతుల ఫైలు. శరీరం ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికింది, ఎలా గుర్తించారు అన్నవి ఇందులో ఉంటాయి. తొమ్మిది మందికి తొమ్మిది ఫైళ్లు అడగాలి, ఒకదానిలో లేనిది ఇంకోదానిలో ఉంటుంది. మూడోది బాంబ్ గ్రూపు మిషన్ రిపోర్టులు, అలబామాలోని మాక్స్‌వెల్ వైమానిక స్థావరంలో ఉన్న చరిత్ర పరిశోధన సంస్థ దగ్గర. ఆ రోజు మిగతా విమానాలు ఎప్పుడు తిరిగొచ్చాయి, గాలి ఎలా ఉందన్నది అక్కడ చూడాలి. పై గడియారం లెక్కను సరిచూడాలంటే తోటి విమానాలు నేపుల్స్ నుంచి ఎంతసేపట్లో వచ్చాయో చూడటమే దారి.

చదివేటప్పుడు జాగ్రత్తలు. సమయం స్థానికమా, గ్రీనిచ్‌దా అన్నది ప్రతి కాగితంలో విడిగా తేల్చుకోండి, ఒక గంట తేడా వస్తే 290 కి.మీ. తేడా వస్తుంది. ‘స్థావరానికి 440 మైళ్లు’ అని చాలాచోట్ల ఉంటుంది. సులూక్ నుంచి శిథిలానికి మ్యాపు మీద కొలిస్తే సుమారు 410 మైళ్లు, 660 కి.మీ. అంకె తీసుకునే ముందు ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారో అడగండి. శిథిలం ఉన్న చోటును 1994 తర్వాతి ఉపగ్రహ చిత్రాల్లో వెతక్కండి. ఆ ఏడాది ఆగస్టులో లిబియా వాళ్లు ముక్కలను తరలించి టోబ్రుక్ వైపున్న వైమానిక స్థావరంలో పెట్టారు. కొన్ని వస్తువులు ఒహాయోలోని డేటన్‌లో, అమెరికా వైమానిక దళ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

1958లో చమురు బృందం శిథిలం చూసి చెప్పినా, ఆ ప్రాంతంలో పోయిన విమానం రికార్డుల్లో లేదని ట్రిపోలీ దగ్గరి వీలస్ స్థావరం మొదట పట్టించుకోలేదు. సముద్రంలో పోయిందని రాసి మూసేసిన ఫైలు అది. 1959 ఫిబ్రవరి 27న అన్వేషకులు నేల మీద నడిచి దాని దగ్గరికి వెళ్లాక గానీ కదలిక రాలేదు. ఇలాంటి వేరే నష్టాల మీద పనిచేసేవాళ్లు ‘సముద్రంలో’ అన్న మాట కనబడితే, అది ఎవరైనా చూసి రాసిందా, బేరింగ్‌ను బట్టి ఊహించి రాసిందా అని ముందు విడదీయండి.

ఎనిమిది మంది దొరికారు. వెర్నన్ మూర్ అధికారికంగా ఇప్పటికీ తప్పిపోయినవాడే. అతని ఫైలు అడిగేటప్పుడు షెల్లీ, రిప్‌స్లింగర్ దొరికిన చోట్ల స్కెచ్ మ్యాపులు కూడా ఉన్నాయేమో అడగండి. ముగ్గురూ కలిసే బయల్దేరారు కాబట్టి అతని దారి గురించి ఏమైనా చెప్పగలిగేవి ఆ రెండు చోట్లే.